తొమ్మిది అడుగుల కర్ర

టామరాక్ చెరువు ఒడ్డు, విస్కాన్సిన్
ఏప్రిల్ 9, 2006

ఒరేయ్ వెర్లిన్,

నీ చెవులకి ఫోను పనికిరాదు కాబట్టి నాకు ఈ కాగితాల పని తప్పడం లేదు. ఒక విధంగా ఇదే నయం. ఫోనులో అయితే మాటమాటకీ "ఏంటీ, ఏంటీ" అంటావు. కాగితం మీద నేను చెప్పిందంతా చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

కుడి భుజం కట్టు విప్పారు. జనవరిలో స్కూలు బస్సు దిగుతూ మంచు మీద జారినప్పుడు లోపల తెగినదాన్ని కుట్టేశామనీ, అంతకంటే బాగా ఎవరూ కుట్టలేరనీ డాక్టరు తెగ మురిసిపోయాడు. చెయ్యి మాత్రం భుజానికి మించి ఇక పైకి లేవదట. జుట్టు దువ్వుకోవచ్చు, సూపు కలుపుకోవచ్చు, కొన్నాళ్లాగి బస్సు కూడా నడుపుకోవచ్చు అన్నాడు. మరి గాలం వెయ్యడానికో అని అడిగితే, చిన్న చేపలున్నాయి కదండీ అన్నాడు. నలభై ఏళ్లుగా నాలుగడుగులు పెరిగే మస్కీ తప్ప ఇంకో చేప వెంట పడనిదాన్ని పట్టుకుని ఆ మాటన్నాడు. కోటు తొడుక్కుని వచ్చేశాను. తొడిగింది నర్సే అనుకో.

అసలు సంగతికి వస్తాను. నా పాత కర్ర నీకు తెలుసుగా. ఆరడుగులది, రోకలి లాంటి బిరుసు. దానితో పెద్ద ఎర విసరాలంటే చెయ్యి తల మీదికెత్తి కట్టెలు కొట్టినట్టు కొట్టాలి. అది ఇక నా వల్ల కాదు. ఊరందరికీ గాలం కర్రలు తయారుచేసి ఇస్తున్నావు కదా, నాకొకటి ఎంచిపెట్టు. చిన్న ఎరలకి కాదు. జోడు రేకులు గిరగిరా తిరిగే పెద్ద ఎరలు, అర పౌను రబ్బరు చేపలు, అవి విసరాలి. ఈ చెరువులో పెద్ద మస్కీ చిన్న ఎర వంక కన్నెత్తి చూడదని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. పక్కింటి నార్బ్ టెష్ నా పడవ కొంటానంటున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనివాడు ఆపరేషన్ అయిన నెలకే అడిగాడు. వాడుకోలేని పడవని రేవుకి కట్టేసి చూస్తూ కూర్చునే మనిషిని కాను నేను. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే నాటికి ఏ సంగతీ చెప్తానన్నాను. ఆ లోపల పెద్ద ఎర విసరగలిగితే పడవ నాది, లేకపోతే అతనిది. మాట ఇచ్చేశాను కాబట్టి కర్ర సంగతి తొందరగా చూడు.

భుజం నొప్పి ఏమీ లేదు.

అక్క,
ఆర్డిస్


డులూత్, మిన్నెసోటా
మే 6, 2006

అక్కా,

భుజం నొప్పి లేదన్న నీ మాట మూడుసార్లు చదివాను. నీ అక్షరాలు మాత్రం పేజీలో సగం నుంచి కిందికి జారుతూ వచ్చాయి. చివరి వాక్యం అయితే కాగితం అంచు దాకా దొర్లింది. నొప్పి లేని చెయ్యి అలా రాయదు.

కర్ర విడిగా పంపాను, ఈ ఉత్తరంతో పాటే చేరుతుంది. చాలా కర్రలు చూసి, ఇదీ అనుకున్నాను. ఏడడుగులు, సన్నగా ఉంటుంది, చేతిలో ఉన్నట్టే తెలియదు. పిడికి బెరడు చుట్టాను, చలిలో చల్లబడదు. కర్ర మీద ఉంగరాలు కట్టిన దారం ఆకుపచ్చది, నీకు ఇష్టమని. ఒంట్లో బాగోలేనివాళ్లకి మొదటి శత్రువు బరువేనని నా నమ్మకం. ఈ ఏడాదికి చిన్న ఎరలతో సరిపెట్టుకో. ఒడ్డు దగ్గర కలువాకుల అంచున, కూర్చునే వెయ్యి. మస్కీ కాకపోతే పైక్ పడుతుంది, వేపుకుని తిను. నాలుగు రోజులు చిన్న చేపలు తిన్నంత మాత్రాన పరువు పోదు.

పడవ గురించి తొందరపడకు. అలాగని మరీ పట్టుదలకీ పోకు. నార్బ్ మంచివాడు. అతని చేతిలో పడితే పడవకి ఏ లోటూ రాదు. ఏటా కడిగి తుడిచి, శీతాకాలం కప్పి ఉంచుతాడు.

ఇక్కడ మంచు పూర్తిగా కరగలేదు. పని బాగానే ఉంది. షెడ్డులో పొయ్యి వేసుకుని కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అదొక సుఖం.

తమ్ముడు,
వెర్లిన్


టామరాక్ చెరువు ఒడ్డు
జూన్ 4

వెర్లిన్,

పోయిన శనివారం ఈ ఏటి మస్కీ పట్టే కాలం మొదలైంది. తెల్లవారేసరికి చెరువు నిండా పడవలే. నేనూ వెళ్లాను, నీ కర్రతో.

కర్ర అందంగా ఉంది. ఆకుపచ్చ దారం చూసి ఇద్దరు ముగ్గురు ఎవరు చేశారని అడిగారు. చిన్న ఎర కట్టి వేస్తే ఈల వేసినట్టు వెళ్లింది. మూరెడు పైక్‌లు రెండు పడ్డాయి, వదిలేశాను. తరవాత జోడు రేకుల ఎర కట్టాను. కర్ర వంగి, అలాగే వంగి ఉండిపోయింది. లేవలేదు. ఎర పడవ పక్కనే బొళుక్కున పడింది. ఎలాగైనా విసరాలని భుజం ఊపి కొట్టాను. ఆ సాయంత్రం చొక్కా విప్పుకోలేక చొక్కాతోనే పడుకున్నాను. అది నొప్పి కాదని ఇప్పుడు చెప్పను.

అయినా నీకు రాయడానికి కూర్చున్నది అందుకు కాదు. శుక్రవారం నార్బ్ దంపతులతో చేపల వేపుడుకి వెళ్లాను. రెండో బ్రాందీ దగ్గర నార్బ్ నోరు జారాడు. పడవ కొనాలన్న ఆలోచన అతనిది కాదట. ఫిబ్రవరిలో నువ్వే ఉత్తరం రాశావట. అక్కకి ఇక చెరువు మీదికి వెళ్లే ఓపిక లేదు, తనంతట తాను అమ్మదు, నువ్వు అడిగితే పనవుతుంది అని రాశావట. చెప్పేశాక అతని ముఖం ఎర్రబడిపోయింది. వాళ్లావిడ బంగాళాదుంపలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

ఇప్పుడు నీ కర్ర నాకు బాగా అర్థమైంది. నేను గాలం కర్ర కావాలని రాశాను, నువ్వు చేతికర్ర పంపావు. నీకు కావలసింది నేను చేప పట్టడం కాదు. బుద్ధిగా ఒడ్డున కూర్చోవడం.

పిడి బాగా చుట్టావు, అది మాత్రం ఒప్పుకుంటాను. కర్ర మూల నిలబెట్టాను. వచ్చి తీసుకుపో.

ఆర్డిస్


డులూత్
జూలై 2

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఎన్నిసార్లు రాసి చింపేశానో చెప్పను. చింపినవాటిలో నేనే న్యాయం, నువ్వే మొండి. అందుకే చింపాను.

అవును, నార్బ్‌కి రాశాను. నీకు చెప్పకుండా రాయడం తప్పే. నువ్వు ఒంటరిగా వెళ్తావు. ఒక చెయ్యి సరిగా లేదు. ఫోను ఒడ్డు దాటితే పలకదు. పడవలోంచి పడితే ఒక్క చేత్తో పైకెక్కలేవు. ఫిబ్రవరి అంతా ఇదే కళ్ల ముందు కదిలింది. భయపడ్డాను. భయపడ్డానని చెప్పడానికి సిగ్గేసి, తెలివైన పని చేస్తున్నానని అనుకున్నాను.

కర్ర విషయంలో చేసింది మాత్రం నా పనికే తలవంపులు. ఎవరైనా నా షెడ్డుకి వస్తే మొదట అడిగేది, ఏ ఎర వేస్తారు అని. వాళ్ల చెయ్యి చూసేది ఆ తరవాత. నీ విషయంలో ఎర మాటే మరిచిపోయి, రోగిని చూసి కర్ర ఎంచాను. పెద్ద ఎర బరువుకి కర్ర వంగాలి, ఆ వంపు విప్పుకునేటప్పుడు ఎరని అదే విసరాలి. మెత్తని కర్ర వంగుతుంది గానీ విసరదు. అది చెయ్యని పని నీ భుజం చేసింది. నీ పాత కర్ర అసలు వంగదు, అప్పుడూ పని భుజానిదే. నిన్ను కాపాడుతున్నాననుకుంటూ ఆ కుట్ల మీదే బరువు పెట్టాను.

నీకు కావలసింది పొడుగైనది, గట్టిది. తొమ్మిదడుగులు. కొస దగ్గర మాత్రం కాస్త వంగాలి. అంత పొడుగుంటే చెయ్యి పైకెత్తకుండా నడుము దగ్గర నుంచి పక్కకి ఊపినా కొస పెద్ద వంపు తిరుగుతుంది. బరువుంటుంది, కానీ ఆ బరువు రెండు చేతుల మీదా పడుతుంది. ఇప్పుడు కుర్రకారంతా ఇలాంటివే అడుగుతున్నారు. మన వయసువాళ్లు చూసి నవ్వుతున్నారు, నేనూ నవ్వాను.

చిక్కంతా గాలం దారం చుట్టే రీలు కింద, పిడి దగ్గరే. ఎడమ చెయ్యి పిడి చివర పట్టుకుని పక్కటెముకల వైపు లాగాలి, కుడి చెయ్యి రీలు దగ్గర ఊరికే ఇరుసులా ఉండాలి. పిడి పొట్టిదైతే లాగడానికి బలం చాలదు. పొడుగైతే తిప్పినప్పుడల్లా లైఫ్ జాకెట్‌కి తగులుకుంటుంది. నువ్వేమో ఐదడుగుల మనిషివి. బజారులో దొరికేవన్నీ ఆరడుగుల మగవాళ్లకి చేసినవి. అందుకని ఒక పని చెయ్యి. పొడుగాటి చీపురు కర్ర ఒకటి తీసుకుని, ఒక చివర నీళ్ల సీసా కట్టు. కుడి చెయ్యి ఎక్కడ పెట్టాలో అక్కడ గుర్తు పెట్టుకుని, ఎడమ చెయ్యి ఒక్కో అంగుళం మారుస్తూ పక్కకి ఊపి చూడు. లైఫ్ జాకెట్ వేసుకునే చూడు. భుజానికి ఏమీ తెలియని చోట టేపు చుట్టి, ఆ కర్రే నాకు పంపు.

పంపితే చేస్తాను. పంపకపోతే నా మీద కోపం పోలేదనుకుంటాను, అది కూడా న్యాయమే.

వెర్లిన్


టామరాక్ చెరువు ఒడ్డు
జూలై 21

ఒరేయ్ వెర్లిన్,

చీపురు కర్ర పంపాను. పోస్టాఫీసులో ఇదేమిటని అడిగారు. మా తమ్ముడి ఇల్లు ఊడవడానికి అన్నాను.

నీ మీద కోపం పోలేదు. అయితే దాన్ని, కర్రని రెండు వేరు వేరు డబ్బాల్లో పెట్టుకున్నాను.

రేవు మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని, సీసా కట్టిన చీపురు ఊపుతుంటే పడవల మీద వెళ్లేవాళ్లు చెయ్యి ఊపుతున్నారు. పాపం, పలకరిస్తున్నాననుకున్నారు. నా భుజానికి కసరత్తు చేయించే కెల్సీ అనే పిల్లని కూడా పిలిచాను. ఆ పిల్లకి మస్కీ అంటే ఏమిటో తెలియదు గానీ మోచెయ్యి ఎంతవరకు లేవాలో తెలుసు. నా వెనక నిలబడి, మోచెయ్యి నడుము వదిలినప్పుడల్లా వేలితో పొడిచింది. నాలుగు రోజులు పొడిపించుకున్నాక ఒక చోట హాయిగా కుదిరింది. టేపు అక్కడే చుట్టాను. నువ్వనుకున్నదానికంటే పొట్టిగా ఉంటుందేమో, మార్చకు.

నార్బ్ రోజూ కంచె దాకా వచ్చి చూసి పోతున్నాడు. పడవ మీద ఆశ పుట్టిందో, నా మీద జాలి పుట్టిందో తెలియడం లేదు. అడిగితే టమాటాలకి నీళ్లు పోస్తున్నానంటాడు.

కర్ర కట్టేటప్పుడు నీకు ఆలోచించుకోవడానికి ఒక ప్రశ్న పంపుతున్నాను. నేను పడతానని భయపడ్డావు, సరే. ఒంటరిగా వెళ్తానని భయపడ్డావు, అదీ సరే. మరి నేను ఒంటరిగా ఎందుకు వెళ్తున్నాను? పడవకి రెండు సీట్లున్నాయి. ఏటా అక్టోబరులో వచ్చేవాడివి. ఆరేళ్లయింది వచ్చి. కాగితాల మిల్లులో చెవులు పోయాయి, నిజమే, చేతులు పోలేదు కదా. ఏటా ఏదో పనంటావు. ఈసారి పని మాట చెప్పకు.

అక్క


డులూత్
ఆగస్టు 8

అక్కా,

కర్ర పంపాను. తొమ్మిదడుగులు, రెండు ముక్కలు. పిడి నీ టేపు దగ్గరే కోశాను. కోసేముందు ఒక అంగుళం ఎక్కువ ఉంచుదామా అని చెయ్యి పీకింది. ఉంచలేదు.

మొదట చేతిలోకి తీసుకోగానే ఇంత బరువేమిటని తిడతావు. తిట్టు. ఎర కట్టాక మళ్లీ ఎత్తి చూడు. కొస కింద మూరెడు దారం వదిలి, ఎర వేలాడుతుండగా పక్కకి తిప్పు. ఎర బరువు చేతికి తెలిసేదాకా ఆగు. అది తెలిశాక ఎడమ చేత్తో పిడిని పక్కటెముకల్లోకి లాక్కో, అంతే. విసరకు. నువ్వు విసిరితే అది సరిగా పోదు. ఊపితే పోతుంది.

రీలు కూడా మార్చాను. ఇది నెమ్మదిగా చుట్టేది. జోడు రేకులు నీళ్లలో లాగే లాగుడికి వేగంగా చుట్టే రీలైతే ముంజెయ్యి పడిపోతుంది.

మొదట గడ్డి మీద వేసి అలవాటు చేసుకో. కొక్కేలు తీసేసి వెయ్యి.

నీ ప్రశ్న అందింది. షెడ్డులో శరదృతువు ఆర్డర్లు చాలా ఉన్నాయి.

వెర్లిన్


టామరాక్ చెరువు ఒడ్డు
ఆగస్టు 24

వెర్లిన్,

ముందు సంతోషం చెప్తాను. మొదటి రోజు గడ్డి మీద అర పౌను రబ్బరు చేప మా గ్యారేజీ దాటి, కంచె దాటి, నార్బ్ టమాటా మొక్కల్లో పడింది. అతను తీసుకొచ్చి ఇస్తూ, ఇది కాసింది కాదు, నాటింది కూడా కాదు, నీదేనా అన్నాడు. నా మోచెయ్యి నడుము వదల్లేదు. కెల్సీ చూసి చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి ఏ వైపు కావాలంటే ఆ వైపు తిరిగి పడుకున్నాను. వారం రోజులు ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను, అడగనివాళ్లకి కూడా.

ఇక రెండో సంగతి. చెరువు మీదికి వెళ్లాను. అక్కడా ఎర గాలిలో బ్రహ్మాండంగా పోయింది. నాచు అంచు వెంబడి వేసుకుంటూ పోతుంటే, మూడో రోజు మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఎర వెనకాలే ఒకటి వచ్చింది. దుంగలా పొడుగ్గా, చప్పుడు లేకుండా, రేకులకి జానెడు దూరంలో. పడవ దాకా వచ్చింది. నేనేం చేశానో తెలుసా? ఎర నీళ్లలోంచి తీసేశాను. గడ్డి మీద వారం రోజులు అలాగే తీసి తీసి చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. ఆ చేప పడవ పక్కన ఆగి, నా ముఖంలోకి చూసి, మెల్లగా కిందికి దిగిపోయింది. కూర్చుని ఏడ్చాను. ఇంత వయసొచ్చి చేప కోసం ఏడ్చానని ఎవరితోనూ అనకు.

నాన్న మనకి మొట్టమొదట నేర్పింది ఏమిటి? మస్కీ ఎర వెంట పడవ దాకా వచ్చి, తినాలా వద్దా అన్నది అక్కడ తేల్చుకుంటుంది. కనుక చేప కనిపించినా కనిపించకపోయినా, ప్రతిసారీ ఎర పడవ దగ్గరికి రాగానే కర్ర కొస నీళ్లలో దింపి ఎనిమిది అంకె తిప్పాలి. తిప్పకుండా తీస్తే ఆ రోజు నాన్న మాట్లాడేవాడు కాదు. ఈ చెరువులో పుట్టిన ప్రతివాడికీ అది తెలుసు. గడ్డి మీద మాత్రం ఎవరూ ఎనిమిది తిప్పరు. నువ్వూ నేనూ ఏప్రిల్ నుంచి ఎంత దూరం వెళ్తుందన్న గొడవలోనే ఉన్నాం. చేప పడేది పడవ పక్కన కదా అని ఒక్కరికీ తోచలేదు.

అందుకని ఇప్పుడు పొద్దుటా సాయంత్రం రేవు మీద నిలబడి ఎనిమిదులు తిప్పుతున్నాను. పొడుగు కర్ర గొప్పతనం ఇక్కడే తెలిసింది. ఆరడుగుల దానితో మోకాళ్ల మీద వంగి తిప్పేవాళ్లం. దీనితో నిటారుగా నిలబడి, పిడి చంకలో పెట్టుకుని, ఎడమ చేత్తోనే పెద్ద పెద్ద మలుపులు తిప్పొచ్చు. ఎంత సూపు కాస్తున్నావని నార్బ్ వాళ్లావిడ కిటికీలోంచి అడుగుతోంది.

గడువు దగ్గర పడింది. వచ్చే శనివారం నార్బ్ పడవని నీళ్ల మీద చూస్తానన్నాడు. నేనూ వెళ్తాను, కర్ర తీసుకుని. అప్పటికి ఈ ఎనిమిది నా చేతికి తిరిగి రాకపోతే ఇచ్చిన మాట ప్రకారం తాళంచెవి అతని చేతిలో పెడతాను. ఉత్తి విసరడం ఒక్కటే లెక్కలోకి రాదు, చేప పట్టడానికే కదా విసిరేది.

నీ ఆర్డర్ల సంగతి చదివాను. నేనడిగింది అది కాదు.

అక్క


డులూత్
ఆగస్టు 29

అక్కా,

ఇది శనివారం లోపల నీకు అందాలని వెంటనే రాస్తున్నాను.

నేను చివరిసారి వచ్చిన అక్టోబరు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు పడవ ముందర, నేను వెనక. నా ఎర వెంట చేప వచ్చింది. ఎండ నా కళ్లలో కొడుతోంది, నాకు కనబడలేదు. "వెనకాల ఉంది, వెర్లిన్, తిప్పు" అని నువ్వు అరిచావు. ఒకసారి కాదట, తరవాత అడిగితే చెప్పావు. నాకు ఒక్కటీ వినబడలేదు. ఎర తీసి మళ్లీ వేశాను. తల తిప్పేసరికి నీ ముఖం కనిపించింది. చేపలు ఎక్కడికి పోతాయిలే అన్నట్టు చెయ్యి ఊపావు. ఆ చెయ్యి ఊపడం నేను మోయలేకపోయాను.

పడవలో రెండోమనిషి ఉండేదే ఆ మాట చెప్పడానికీ, వినడానికీ. వినలేనివాడు బరువు తప్ప ఏమిటి? అప్పటినుంచి అందరికీ కర్రలు కడుతున్నాను, నాకు ఒక్కటీ కట్టుకోలేదు.

నువ్వు పడిపోతావని భయపడ్డ మాట అబద్ధం కాదు. అయితే దాని కింద ఇంకొకటి ఉంది. నీ భుజం సంగతి తెలిసినప్పుడు, ఇప్పుడు అక్క కూడా మానేస్తుంది, నాకొక తోడు దొరుకుతుంది అనుకున్నాను. అది రాస్తుంటే నా చెయ్యే నాకు నచ్చడం లేదు.

పడవ అమ్మకు. ఎనిమిది పెద్దదిగా తిప్పు, మలుపు దగ్గర కొసని లోతుకి దించు.

వెర్లిన్


టామరాక్ చెరువు ఒడ్డు
సెప్టెంబరు 4, లేబర్ డే

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని శనివారం పొద్దున్నే పడవెక్కాను.

నార్బ్ వెనక సీట్లో కూర్చుని మోటారు చూశాడు, అడుగు రేకు తట్టి చూశాడు. నేను ముందర నిలబడి వేశాను. వేసిన ప్రతిసారీ ఎనిమిది తిప్పాను, చేప ఉన్నా లేకపోయినా. నార్బ్ మొదట్లో నవ్వాడు, తరవాత తనూ నీళ్లలోకి చూడడం మొదలుపెట్టాడు. రాళ్ల మిట్ట దగ్గర గాలి కాస్త లేచింది. ఎర దగ్గరికి వస్తోంది, నాకు నీళ్ల మెరుపు తప్ప ఏమీ కనబడడం లేదు.

"నీ వెనకాలే ఉంది, ఆర్డిస్," అన్నాడు నార్బ్ గొంతు తగ్గించి.

కొస దింపాను. పిడి చంకలో ఇరికించి, ఎడమ చేత్తో మొదటి మలుపు తిప్పాను. చేప ఎరని దాటిపోయింది. రెండో మలుపు లోతుగా తిప్పాను, నువ్వన్నట్టే. అక్కడ నోరు తెరిచింది. లోపల తెల్లగా కనిపించింది వెర్లిన్, పళ్లెమంత. కర్ర సగానికి వంగింది. పాత కర్ర అయితే ఆ గుంజుడికి చెయ్యి ఊడి వచ్చేది. ఇది వంగింది, పట్టుకుంది, మళ్లీ లేచింది. నేను పక్కటెముకలకి ఆనించి నిలబడ్డానంతే. చేప పడవ కిందికి పోయి, అటువైపు ఎగిరి, మళ్లీ కిందికి పోయింది. నార్బ్ వల వేశాడు. నలభై ఏడు అంగుళాలు. వలలో నీళ్లలోనే ఉంచి కొక్కేలు తీశాం. తోక పట్టుకుని ఉంటే కాసేపటికి తనే ఊపిరి తెచ్చుకుని, ఒక్క ఊపుతో నా ముఖం మీద నీళ్లు కొట్టి వెళ్లిపోయింది. నా చెయ్యి భుజం పైకి ఒక్కసారి కూడా లేవలేదు.

నార్బ్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "ఇంక నేనడగనులే," అన్నాడు. "ఇప్పుడు కూడా అడిగితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

పడవ అమ్మడం లేదు. ఈ ముక్క రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ ఇంకా అయిపోలేదు.

నీ ఉత్తరం జేబులోనే ఉంది కదా. "వెనకాలే ఉంది" అని నార్బ్ అనగానే నువ్వు గుర్తొచ్చావు. ఆ రోజు నేను చెయ్యి ఊపింది నీ మీద జాలితో కాదురా. ఏం చెయ్యాలో తెలియక. ఆరేళ్లు తెలియలేదు. మొన్న ఈ చేప వెళ్లిపోయాక తెలిసింది. పడవ అడుగు పల్చటి అల్యూమినియం రేకు. నార్బ్ వల కోసం లేచినప్పుడు అతని ప్రతి అడుగూ నా అరికాళ్లకి తెలిసింది.

అక్కడే పరీక్ష పెట్టాను. నార్బ్ చెవుల్లో మోటారు తుడిచే గుడ్డ కుక్కి, పైన ఉన్ని టోపీ కళ్ల దాకా లాగి, వెనక్కి తిప్పి నిలబెట్టాను. ఆ పూటకి అతను నువ్వు. మడమతో ఒకసారి తొక్కాను. ఎగిరిపడి చెయ్యెత్తాడు. రెండుసార్లు తొక్కాను. రెండు వేళ్లు చూపించాడు. నడవడానికీ తొక్కడానికీ తేడా తెలుస్తోందా అంటే, గుడ్డలు తీశాక, దున్నపోతుకి కూడా తెలుస్తుందన్నాడు. ఒక తొక్కు అంటే నీ ఎర వెనక ఉన్నట్టు. రెండంటే నా ఎర వెనక, వల అందుకోమని.

నేను మానేస్తే నీకు తోడు దొరుకుతుందనుకున్నావు. కోపం రాలేదు. నాకూ ఆరేళ్లుగా తోడు లేదు.

అక్టోబరులో ఆకులు రాలాక పెద్దవి రాళ్ల మీదికి వస్తాయి. వెనక సీటు తుడిచి పెట్టాను. నీకంటూ కర్ర లేదన్నావు. ఏ ఎర వేస్తావో ముందు తేల్చుకో, తరవాత చెయ్యి చూసుకో. పిడి దగ్గర అనుమానం వస్తే చీపురు కర్ర నీ దగ్గరే ఉంది.

అక్క,
ఆర్డిస్


డులూత్
సెప్టెంబరు 27

అక్కా,

కర్ర అయిపోయింది. ఎనిమిదిన్నర అడుగులు, రబ్బరు చేపలకి. ఆర్డర్లిచ్చిన వాళ్లని నవంబరులో రమ్మన్నాను, ఇద్దరు అలిగారు. కట్టేటప్పుడు ఎవరి చెయ్యి ఊహించుకోవాలో కాసేపు తెలియలేదు. ఇన్నేళ్లలో అందరి చేతులూ ఊహించుకున్నాను, నా చెయ్యి తప్ప.

అక్టోబరు మొదటి శుక్రవారం మధ్యాహ్నానికి వస్తాను. వేపుడు నేను తినిపిస్తాను, నార్బ్ దంపతులని కూడా పిలువు. ఆ ఉత్తరం గురించి అతనికి ఎదురుగా ఒక మాట చెప్పుకోవాలి.

నిన్న బూట్ల కొట్టుకి వెళ్లాను. అక్టోబరులో చెరువు మీదికి అని చెప్పగానే, కొట్టతను లోపల ఉన్ని, కింద రెండంగుళాల అట్ట ఉన్నవి తెచ్చి పెట్టాడు. వద్దన్నాను. అన్నిటికంటే అడుగు పల్చగా ఉన్న జత అడిగాను. చలికి వేళ్లు కొయ్యబారిపోతాయని కాగితం మీద రాసి మరీ చూపించాడు. ఫర్వాలేదు, నాకు కాళ్లతో వినే పని ఉందని చెప్పి, అవే కొన్నాను.

తమ్ముడు,
వెర్లిన్